సరిహద్దు సీమ – 12: చైర్మన్ కుర్చీ, మేయర్ అంగీ

హోసూరు చేలలోకి కర్మాగారాలు ఎలా వచ్చాయో గత భాగంలో చూశాం. 1970లలో తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్కాట్ భూములు సేకరించింది. 1980లో ఇక్కడి నుంచే టీవీఎస్ మోపెడ్ రోడ్డెక్కింది. ఆ దశకంలోనే అశోక్ లేలాండ్ లారీలు, టైటాన్ గడియారాలు ఈ ఊరి పేరును దేశమంతా తిప్పాయి. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా పుట్టింది. జిల్లా కచేరీలు కృష్ణగిరికి వెళ్లాయి, డబ్బు మాత్రం హోసూరులోనే తిరిగింది. అలా తిరిగిన డబ్బు, దాని వెంట పెరిగిన జనం ఎలాంటి నాయకులను తయారు చేశారన్నది ఈ భాగం.

ముందుగా ఒక వింత. తమిళనాట 1967లో కాంగ్రెస్ పాలన పోయి ద్రావిడ పార్టీల యుగం మొదలైంది. అప్పటి నుంచి ఐదు దశాబ్దాలకు పైగా మద్రాసులో ముఖ్యమంత్రి పీఠం డీఎంకే, అన్నాడీఎంకేల చేతులు దాటి బయటికి పోలేదు. హోసూరు శాసనసభ స్థానంలో మాత్రం 2016 దాకా ఆ రెండు పార్టీల అభ్యర్థి ఒక్కరూ గెలవలేదు. 1967లోనూ, 1971లోనూ ఇక్కడి నుంచి గెలిచిన బి. వెంకటస్వామి స్వతంత్ర పార్టీ మనిషి. 1977లో కాంగ్రెస్ తరఫున ఎన్. రామచంద్రారెడ్డి, ఆ తరువాతి ఎన్నికల్లో అదే పార్టీ నుంచి టి. వెంకటరెడ్డి, కె.ఎ. మనోహరన్ వంటివారు గెలిచారు. 1996లో అదే వెంకటస్వామి జనతాదళ్ గుర్తు మీద తిరిగి వచ్చారు. 2001 నుంచి వరుసగా మూడుసార్లు కాంగ్రెస్ నాయకుడు కె. గోపినాథ్ గెలిచారు. రాష్ట్రమంతా ఒక దారిన పోతుంటే ఈ ఊరు దాదాపు యాభై ఏళ్లు వేరే దారిన నడిచింది.

స్వతంత్ర పార్టీని 1959లో స్థాపించిన రాజాజీ ఈ మట్టి మనిషే. హోసూరుకు దగ్గరలోని తొరపల్లిలో 1878లో పుట్టారు, చిన్నప్పుడు హోసూరు బడిలో చదువుకున్నారు. ఆయన ప్రజాజీవితం కూడా మునిసిపాలిటీలోనే మొదలైంది. 1917 నుంచి 1919 వరకు సేలం పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. కుళాయి, కాలువ, వీధి దీపం వ్యవహారాలు చూసిన ఆ న్యాయవాది తరువాత మద్రాసు ప్రధాని అయ్యారు, దేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. ఊరి పాలన మెట్టు మీద నుంచి పై మెట్టు ఎక్కడం ఈ సీమకు కొత్త కాదు.

హోసూరు వేరే దారిన నడవడానికి మొదటి కారణం భాష. ఇక్కడి పల్లెల్లో తెలుగు ఇంటిభాష. దాని పక్కనే కన్నడం, వాటితో పాటు తమిళం. డెంకణికోట, తళి, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి వైపు వెళితే సంతలో ఒకే బేరం మూడు భాషల్లో నడుస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తమిళమే ఊపిరిగా పుట్టిన పార్టీలకు ఇలాంటి నేల మీద వేరూనడం కష్టమైంది. అందుకని పొత్తు కుదిరినప్పుడల్లా ఈ స్థానాన్ని జాతీయ పార్టీకి వదిలేయడం వాటికి అలవాటయింది. గోపినాథ్ 2001లో అన్నాడీఎంకే పొత్తులో గెలిచారు, 2006లోనూ 2011లోనూ డీఎంకే పొత్తులో గెలిచారు. పొత్తు మారినా మనిషి మారలేదు. శాసనసభలో ఆయన తెలుగులో మాట్లాడితే ముఖ్యమంత్రి జయలలిత తెలుగులోనే బదులిచ్చిన సందర్భాన్ని ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఇష్టంగా చెప్పుకుంటారు.

కాంగ్రెస్ పట్టు భాషకు మాత్రమే చెందినదనుకుంటే పొరపాటు. పల్లెల్లో భూమి, కులం, బంధుత్వం, పాత పరిచయం కలిసి ఓటును నిర్ణయించేవి. రెడ్డి కుటుంబాల మాటకు విలువ ఉండేది. పార్టీ పేరు కన్నా మనిషి పేరు ముందుండేది. ఈ లెక్కలో ద్రావిడ పార్టీలకు దొరకని చోటు వేరొకచోట దొరికింది. అదే పట్టణం.

హోసూరు 1992లో పురపాలక సంఘమైంది. 2001 జనాభా లెక్కల్లో ఊరి జనం దాదాపు 84 వేలు. పదేళ్లకు పాత హద్దుల్లోనే అది 1.16 లక్షలు దాటింది. ఆ హద్దులకు బయట మత్తిగిరి, జూజువాడి, మూకండపల్లి, అవలపల్లి, చెన్నత్తూరు వంటి ఊళ్లు అప్పటికే పట్టణంతో కలిసిపోయి ఉన్నాయి. 2011 ప్రాంతంలో వాటినీ పురపాలక పరిధిలోకి తెచ్చారు. ఒక్కసారిగా ఊరు ఎన్నో రెట్లు పెద్దదయింది.

ఊరు పెరగడమంటే కాగితం మీద అంకె పెరగడం కాదు. మూడు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులకు అద్దె గదులు కావాలి. సేలం, తిరువణ్ణామలై, మధురై నుంచి వచ్చిన కుటుంబాలకు నీళ్లు కావాలి, పిల్లలకు బడి కావాలి. బెంగళూరులో ఇంటి అద్దె భరించలేనివాళ్లు నలభై కిలోమీటర్ల ఇవతల కాపురం పెట్టి అత్తిబెలె సరిహద్దు దాటి ఉద్యోగాలకు వెళ్లడం మొదలుపెట్టారు. రాగి చేలు ఇళ్ల స్థలాలయ్యాయి. మిగిలిన చేలలో కొన్నింటి మీద పాలిథిన్ కప్పులు లేచి గులాబీ తోటలయ్యాయి. ఆ పూలు ప్రేమికుల దినం నాటికి విమానమెక్కి విదేశాలకు పోతాయి. భూమి అమ్మిన రైతు కొడుకు లారీ కొన్నాడు, లేదా ఇటుకలు, ఇనుము, సిమెంటు అమ్మే దుకాణం తెరిచాడు. కొందరు లేఅవుట్లు వేశారు, కల్యాణ మండపాలు కట్టారు, కర్మాగారాలకు బస్సులు, క్యాంటీన్లు, కూలీలను సరఫరా చేశారు.

ఈ కొత్త వర్గానికి మద్రాసులోని మంత్రి కన్నా మునిసిపల్ ఆఫీసు దగ్గర. లేఅవుట్‌కు అనుమతి, ఇంటికి ప్లాను, దుకాణానికి లైసెన్సు, వీధికి రోడ్డు అన్నీ అక్కడే తేలాలి. వార్డు మనిషికి కావలసినవీ అక్కడే ఉన్నాయి. కొళాయి కనెక్షన్ అడిగేవాడిని నీ ఇంటిభాష ఏమిటని ఎవరూ అడగరు. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే మూడిళ్లకూ కాలువ ఒక్కటే. అందుకే శాసనసభ ఎన్నికల్లో పొత్తు పేరుతో తప్పుకున్న పార్టీలు మునిసిపల్ ఎన్నికల్లో వార్డు వార్డునా జెండా పాతాయి. కౌన్సిలర్ కావాలనుకునే వ్యాపారికి పార్టీ కావాలి, పార్టీకి ఆ వ్యాపారి పరిచయాలు, పెట్టుబడి కావాలి. హోసూరులో ద్రావిడ రాజకీయం సిద్ధాంతం చేతపట్టుకుని రాలేదు. పురపాలక సంఘం గుమ్మంలోంచి వచ్చింది. తరువాత జరిగినదంతా ఈ ఒక్క సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది.

నీళ్ల కథ చూస్తే ఆ గుమ్మం ఎంత వెడల్పో తెలుస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారబట్టిన పిల్లలు, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఊరూరా కనిపించేవారు. కావేరి నీటిని హొగెనకల్ నుంచి తెచ్చే పథకానికి జపాన్ రుణం కుదిరింది. 2008లో పనికి శ్రీకారం చుట్టగానే కర్ణాటకలో నిరసనలు లేచాయి, సరిహద్దులో బస్సులు ఆగాయి. కర్ణాటక ఎన్నికలు ముగిసేదాకా ఆగుదామని ముఖ్యమంత్రి కరుణానిధి ఆ ఏప్రిల్‌లో ప్రకటించారు. చివరకు 1,928.80 కోట్ల రూపాయల ఆ పథకాన్ని 2013లో జయలలిత ప్రారంభించారు. శంకుస్థాపన ఒక పార్టీది, ప్రారంభోత్సవం ఇంకో పార్టీది. ఆ నీళ్లు ఇంటింటికీ చేరాలంటే మాత్రం మునిసిపాలిటీ గొట్టాలు వేయాలి. నీళ్లు వస్తే చైర్మన్‌ను మెచ్చుకుంటారు, రాకపోతే చైర్మన్ ఇంటి ముందే బిందెలు పెడతారు.

చైర్మన్ ఎవరి వల్ల చైర్మన్ అవుతాడన్నది కూడా తమిళనాట ఎన్నిసార్లో మారింది. 74వ రాజ్యాంగ సవరణ తరువాత 1996లో జరిగిన స్థానిక ఎన్నికల్లో మేయర్‌ను, చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకున్నారు. డీఎంకే నాయకుడు స్టాలిన్ మద్రాసు మేయర్ అయింది అప్పుడే. 2006లో డీఎంకే ప్రభుత్వం ఆ పద్ధతి మార్చి కౌన్సిలర్ల చేతికిచ్చింది. 2011లో జయలలిత మళ్లీ జనానికిచ్చారు. నేరుగా గెలిచిన చైర్మన్ ఊరంతటికీ నాయకుడు. కౌన్సిలర్లు ఎన్నుకున్న చైర్మన్ రోజూ వాళ్ల ముఖం చూసి నడుచుకోవాలి. కుర్చీ ఒకటే అయినా బలం వేరు.

2011లో జనం నేరుగా ఓటేసినప్పుడు హోసూరు చైర్మన్ కుర్చీ అన్నాడీఎంకే నాయకుడు పి. బాలకృష్ణారెడ్డికి దక్కింది. అప్పట్లో రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి కూడా ఈ జిల్లా మనిషే, కృష్ణగిరి ఎమ్మెల్యే కె.పి. మునుసామి. ఊళ్లో చైర్మన్, రాజధానిలో మంత్రి ఒకే పార్టీ, ఒకే జిల్లా కావడం చిన్న విషయం కాదు. బాలకృష్ణారెడ్డికి తెలుగు పల్లెల్లో మూలాలున్నాయి, పట్టణంలో పదవి ఉంది, వెనుక అధికార పార్టీ ఉంది. కాంగ్రెస్ పాత బలం, ద్రావిడ పార్టీ కొత్త బలం ఒకే మనిషిలో కలిశాయి.

2016లో అన్నాడీఎంకే ఆయనను శాసనసభకు నిలబెట్టింది. ఎదురుగా మూడుసార్లు గెలిచిన గోపినాథ్. చైర్మనే గెలిచారు. హోసూరులో ఒక ద్రావిడ పార్టీ గెలవడం అదే మొదటిసారి. ఆ ఏడాదే ఆయన మంత్రి కూడా అయ్యారు. మొదట పశుసంవర్ధక శాఖ, తరువాత క్రీడలు, యువజన సంక్షేమం. 1824లో బ్రిటిష్‌వాళ్లు మత్తిగిరిలో పెట్టిన పశుక్షేత్రం ఉన్న ఊరికి పశుసంవర్ధక శాఖ మంత్రి దొరకడం జనానికి నచ్చింది. ఐదేళ్ల కింద వీధి దీపాల ఫిర్యాదులు విన్న మనిషి ఇప్పుడు మంత్రివర్గంలో కూర్చున్నారు.

ఆ ఎక్కుడు ఎంత వేగంగా సాగిందో దిగుడూ అంత వేగంగానే వచ్చింది. దానికి మూలం 1998లో ఉంది. ఆ ఏడాది హోసూరు దగ్గర బాగలూరులో దొంగసారాకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన అల్లరిగా మారింది. బస్సుల మీద, పోలీసు వాహనాల మీద రాళ్లు పడ్డాయి. 108 మంది మీద కేసు పెట్టారు, వారిలో బాలకృష్ణారెడ్డి ఒకరు. ఇరవై ఏళ్లు కేసు నలిగింది. ప్రజాప్రతినిధుల కేసుల కోసం చెన్నైలో పెట్టిన ప్రత్యేక న్యాయస్థానానికి అది చేరింది. 2019 జనవరి 7న తీర్పు వచ్చింది. 16 మంది దోషులు, మంత్రికి మూడేళ్ల జైలు శిక్ష. అప్పీలుకు వీలుగా శిక్ష అమలు ఆగింది కానీ పదవి నిలవలేదు. రెండేళ్లు, అంతకు మించి శిక్షపడిన ప్రజాప్రతినిధి అప్పీలు చేసుకున్నా వెంటనే అనర్హుడవుతాడని 2013లో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సాయంత్రమే ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. దోషి అన్న నిర్ణయాన్ని నిలిపివేయాలన్న ప్రయత్నం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అప్పటికి ఫలించలేదు.

మంత్రిని పోగొట్టుకున్న అయిదారు వారాలకే ఊరికి పెద్ద హోదా వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి ప్రభుత్వం హోసూరును, నాగర్‌కోయిల్‌ను నగరపాలక సంస్థలుగా మార్చింది. పేరుకు నగరమైంది గానీ మేయర్ లేడు, కౌన్సిల్ లేదు. 2016 అక్టోబరులో జరగవలసిన స్థానిక ఎన్నికలను మద్రాసు హైకోర్టు రద్దు చేసింది. అప్పటి నుంచి 2022 దాకా అధికారులే ఊరిని నడిపారు. వార్డులో మురుగు పొంగితే చెప్పుకోవడానికి కౌన్సిలర్ లేని ఆ ఐదేళ్లు హోసూరుకు మామూలు కాలం కాదు. కొత్త కాలనీలు అన్నిటికన్నా వేగంగా పుట్టిన సమయం అది. అడిగేవాడూ అడగవలసిన చోటూ లేకుండా ఒక ఊరిని అంత పెద్దది కానివ్వడం రాష్ట్రం చేసిన అన్యాయమే.

ఖాళీ అయిన శాసనసభ స్థానానికి 2019 ఏప్రిల్ 18న, లోక్‌సభ పోలింగుతో పాటే ఉపఎన్నిక జరిగింది. అన్నాడీఎంకే బాలకృష్ణారెడ్డి సతీమణి జ్యోతిని నిలబెట్టింది. డీఎంకే ఈసారి సీటును కాంగ్రెస్‌కు వదలలేదు. తన సొంత మనిషి ఎస్.ఎ. సత్యను దింపింది. ఆయనా మాజీ మునిసిపల్ చైర్మనే. ఒక చైర్మన్ ఇంటి అభ్యర్థికీ మరో చైర్మన్‌కూ మధ్య పోటీ. శాసనసభ ఎన్నిక ఒక విధంగా మునిసిపల్ ఎన్నికే అయింది. సత్య సుమారు 23 వేల ఓట్ల తేడాతో గెలిచారు. డీఎంకే హోసూరులో గెలవడం అదే మొదలు. మూడేళ్ల వ్యవధిలో రెండు ద్రావిడ పార్టీలూ ఈ కోటలోకి అడుగుపెట్టాయి. రెండూ వచ్చింది మునిసిపాలిటీ దారినే.

సత్య ఎమ్మెల్యేగా ఉన్నది రెండేళ్లు. 2021 ఎన్నికల్లో పార్టీ ఆయనకు మళ్లీ అవకాశం ఇవ్వలేదు. పక్కనే ఉన్న తళి నుంచి 2016లో గెలిచిన వై. ప్రకాశ్‌ను హోసూరుకు తెచ్చింది, తళి స్థానాన్ని పొత్తులో సీపీఐకి ఇచ్చింది. అన్నాడీఎంకే మళ్లీ జ్యోతినే నిలబెట్టింది. ప్రకాశ్ గెలిచారు, రాష్ట్రంలో డీఎంకే అధికారంలోకి వచ్చింది. గెలిచిన పార్టీలో సీటు పోగొట్టుకున్న నాయకుడికి ఏమివ్వాలన్న ప్రశ్నకు మరుసటి ఏడాదే జవాబు దొరికింది.

2022 ఫిబ్రవరి 19న తమిళనాడు పట్టణాల్లో స్థానిక ఎన్నికలు జరిగాయి. హోసూరు నగరపాలక సంస్థకు అవే తొలి ఎన్నికలు. వార్డులు 45. రాష్ట్రమంతా డీఎంకే ఊడ్చేసిన ఆ ఎన్నికల్లో కూడా హోసూరులో గెలుపు అంత తేలిక కాలేదు. అన్నాడీఎంకే గట్టిగా నిలబడింది, స్వతంత్రులూ కొందరు గెలిచారు. డీఎంకే ఒంటరిగా సగం మార్కు దాటలేకపోయింది. మేయర్‌ను కౌన్సిలర్లే ఎన్నుకునే పద్ధతి అప్పటికి తిరిగి వచ్చింది కాబట్టి మిత్రుల, స్వతంత్రుల మద్దతు తప్పలేదు. మార్చి 4న సత్య హోసూరు తొలి మేయర్‌గా ఎన్నికయ్యారు. సి. ఆనందయ్య ఉపమేయర్ అయ్యారు. చైర్మన్, ఎమ్మెల్యే, మేయర్. ఒకే ఊళ్లో ఈ మూడు పదవులూ చూసిన మనిషి ఆయన.

ఎమ్మెల్యే అయ్యాక మేయర్ కావడం ఒక మెట్టు దిగడం కాదా అని బయటివాళ్లకు అనిపించవచ్చు. హోసూరు లెక్కలో కాదు. ఎమ్మెల్యే కొళాయి వేయించలేడు, వేయించమని అడగగలడు. మేయర్ బల్ల మీదికి రోడ్డు, మురుగు, మార్కెట్టు, బస్టాండు, చెత్త, వీధి దీపం అన్నీ వస్తాయి. అలాగని మేయర్ చేతిలో అంతా ఉందనుకోకూడదు. తమిళనాడు చట్టం ప్రకారం కార్యనిర్వహణ అధికారం కమిషనర్‌ది, ఆయన రాష్ట్ర ప్రభుత్వం పంపిన అధికారి. మేయర్ కౌన్సిల్‌ను నడుపుతాడు, తీర్మానం చేయిస్తాడు. అంగీ, హారం, దండం వేడుకకు నిండుదనం ఇస్తాయి. ఫైలు కదలాలంటే మాత్రం కమిషనర్ సంతకం, చెన్నై నుంచి నిధి రెండూ కావాలి. పైన తన పార్టీ ప్రభుత్వం ఉంటే దారి సులువు. కింద కౌన్సిల్‌లో బలం చాలకపోతే ప్రతి సమావేశమూ పరీక్షే.

పాత కాంగ్రెస్ పట్టు ఇంతటితో చెదిరిపోయిందా అంటే లేదు. శాసనసభ దారి మూసుకుపోయిన గోపినాథ్ 2024లో డీఎంకే కూటమి తరఫున కృష్ణగిరి లోక్‌సభ స్థానంలో నిలబడి గెలిచారు. ఆ జూన్‌లో రాజ్యాంగ ప్రతి చేతపట్టుకుని పార్లమెంటులో తెలుగులో ప్రమాణం చేసి, చివర జై తమిళనాడు అన్నారు. ఆ దృశ్యం హోసూరు తెలుగువాళ్ల ఫోన్లలో చాలా రోజులు తిరిగింది. సరిహద్దు సీమ మనిషికి ఆ రెండింటి మధ్యా పేచీ లేదు. ఇంటిభాష తెలుగు, రాష్ట్రం తమిళనాడు, నెల జీతం చాలాసార్లు బెంగళూరుది. భాష ఓటు పార్లమెంటుకు దారి చూపింది, కాలువ ఓటు నగరపాలక సంస్థను నడుపుతోంది. ఒకే ఓటరు రెండూ వేస్తున్నాడు.

నగరమయ్యాక హోసూరు కోరికలు కూడా పెరిగాయి. 2024 జూన్ 27న ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో హోసూరుకు అంతర్జాతీయ విమానాశ్రయం ప్రకటించారు. 2,000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల ప్రయాణికులు. బెంగళూరు విమానాశ్రయం ఒప్పందంలో మాత్రం 150 కిలోమీటర్ల లోపల మరొకటి రాకూడదన్న షరతు ఉంది. ఆ భూమి ఎవరి చేలలోంచి రావాలి? తిమ్జేపల్లి వైపు లేచిన టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేసే వేలాది యువతులు ఈ ఊరి ఓటును ఎటు తిప్పుతారు? కృష్ణగిరి నుంచి విడదీసి హోసూరును ప్రత్యేక జిల్లా చేయాలన్న కోరికకు ఎవరు అండ, ఎవరు అడ్డు? బాలకృష్ణారెడ్డి అప్పీలు ఏ మలుపు తిరిగింది? ఇవి వచ్చే భాగంలో.